సీలమ్మ మింగిన ‘ఓయ్’

ఒకప్పుడు కొండలకి మాటలు రావు. కొండ ముందు నిలబడి ఎంత గట్టిగా అరిచినా ఆ అరుపు అలా పోయి, పోయి, ఎక్కడో పడిపోయేది. తిరిగొచ్చేది కాదు. అరవడానికి అప్పటికి మీరు లేరనుకోండి. అసలు మనుషులే లేరు.

ఉన్నది రెండే జాతులు. మరజనం, చీకటి వేల్పులు.

మరజనం ఇనుపకొండ కడుపులో ఉండేవాళ్ళు. ఇనుప ఒళ్ళు, ఇత్తడి కీళ్ళు, గుండె ఉండాల్సిన చోట చిన్న దీపం. వాళ్ళని ఎవరో చుక్కల అవతలి నుంచి వచ్చి తయారు చేశారు. చేసి, సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఎందుకు చేశారో చెప్పడం మాత్రం మర్చిపోయారు. పాపం మరజనం లక్ష ఏళ్ళుగా కొండని తొలుచుకుంటూ, కీళ్ళకి ఆముదం రాసుకుంటూ, "ఎందుకై ఉంటుందంటావ్?" అని ఒకరినొకరు అడుగుతూ కూర్చున్నారు.

చీకటి వేల్పులు ముగ్గురు అన్నదమ్ములు. సూర్యుడి కంటే పాతవాళ్ళు. వాళ్ళకి ఒళ్ళు లేదు. వాళ్ళు నిలబడిన చోట గడ్డి చల్లబడిపోయేది, పిట్టలు నోరు మూసుకునేవి, అంతే. దీపమంటే వాళ్ళకి ఒళ్ళుమంట. లేని ఒళ్ళు ఎలా మండుతుందని అడక్కండి, మండేది. కొండ కడుపులో వెయ్యి దీపాలు వెలుగుతుంటే చూడలేకపోయారు. ఇనుముని నమలబోయారు. పళ్ళు విరిగాయి.

అప్పుడు వాళ్ళకి పాత కట్టు గుర్తొచ్చింది.

నేల పుట్టినప్పుడే పెట్టిన కట్టు అది. చెట్టుకీ పుట్టకీ, మరకీ వేల్పుకీ, అందరికీ ఒకటే. పేరు పెట్టి పిలిస్తే పలకాలి. పలక్కపోతే గుండెలో వెలుగు ఆరిపోతుంది. మూడుసార్లు పలికితే పిలిచినవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళాక, పిలిచినవాళ్ళు నోరారా ‘వెళ్ళిరా’ అనేదాకా అక్కడినుంచి కదలకూడదు.

మరి పేర్లు తెలియాలి కదా. మరజనమే చెప్పారు.

అవును, వాళ్ళే. సందె వాలగానే అందరూ వరసగా నిలబడి ఎవరి పేరు వాళ్ళు గట్టిగా చెప్పుకోవడం వాళ్ళ అలవాటు. ఎవరైనా తుప్పు పట్టి ఓ మూల పడి ఉన్నారేమో తెలియాలని. ముందు అందరికంటే పెద్దవాడు "ఇరుసయ్య" అనేవాడు. తర్వాత "తిరగలయ్య". తర్వాత "గిలకమ్మ". అలా చిట్టచివర "సీలమ్మ" దాకా. కొండ నోరు తెరిచే ఉండేది. బయట ముగ్గురు అన్నదమ్ములు కూర్చుని ఒక్కో పేరూ బట్టీ పట్టారు.

ఇక పిలుపులు మొదలయ్యాయి. ఆ గొంతు పెద్దదేం కాదు. అదే భయం. అన్నం తినడానికి రమ్మని అమ్మ పిలిచినట్టు, మెత్తగా, పక్క గదిలోంచి వచ్చినట్టు ఉండేది. మూడుసార్లూ ఒకేసారి పిలవొచ్చు. కానీ వాళ్ళు సందెకొక్కసారే పిలిచేవాళ్ళు. మధ్యలో రెండు రోజుల భయాన్ని కూడా చప్పరించొచ్చని.

మూడోసారి పలికాక మరమనిషి తన కాళ్ళతో తానే నడుచుకుంటూ కొండ దాటి పోయేవాడు. దూరంగా దీపం ఊగుతూ వెళ్ళేది. ఉన్నట్టుండి కనిపించేది కాదు.

అలా తిరగలయ్య వెళ్ళిపోయాడు. గిలకమ్మ మొగుడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు, మెడ తిరగలేదు.

గిలకమ్మకి ఇనుపకొండలో మంచి పేరేం లేదు. ఎవరు మాట్లాడినా వాళ్ళ గొంతుతోనే తిరిగి అనేది. ఇరుసయ్య కిర్రు కిర్రుమంటూ "జనులారా" అంటే, వెనకనుంచి "జనులారా" అని ఇంకో కిర్రు వినిపించేది. అందరూ నవ్వేవాళ్ళు. ఇరుసయ్య కూడా నవ్వేవాడు, ఎవరూ చూడనప్పుడు.

మొగుడు పోయాక ఆమె ఎవర్నీ వెక్కిరించలేదు. సీలమ్మని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. సీలమ్మ ఆమె కూతురు. తన పళ్ళచక్రంలోంచి మూడు పళ్ళు ఊడదీసుకుని, వాటితో చేసుకున్న కూతురు. అందుకే గిలకమ్మ నడిస్తే కాస్త ఎగుడుదిగుడుగా నడిచేది.

ఒక సందెవేళ బయటనుంచి వినిపించింది. "సీలమ్మా..."

"ఓయ్," అంది సీలమ్మ. అలవాటు.

మర్నాడు సందెకి మళ్ళీ. మళ్ళీ "ఓయ్".

మూడో రోజు పొద్దున్నే గిలకమ్మ ఇరుసయ్య దగ్గరికి వెళ్ళింది. "మామా, ఆ పేర్లు చెప్పుకోవడం ముందే మానేసి ఉంటే ఇంత జరిగేదా?"

"మానేస్తే ఎవరికి తుప్పు పట్టిందో ఎలా తెలుస్తుందే గిలకా?"

"ఎవర్ని చీకటి పట్టిందో మాత్రం బాగా తెలుస్తోంది."

పోయినవాళ్ళు వందమంది. పేర్లన్నీ బయటికి తెలిసిపోయాయి. ఇప్పుడు మానేసి లాభం లేదు.

గిలకమ్మ తిరిగొచ్చేసరికి సీలమ్మ ఓ మూల ముడుచుకుని ఉంది.

"అమ్మా, భయమేస్తోంది."

ఏం చెప్పాలో తోచలేదు గిలకమ్మకి. ఏం చెప్పాలో తోచనప్పుడు ఆమె నోరు దాని పని అది చేసేసేది. "అమ్మా, భయమేస్తోంది," అంది, అచ్చం కూతురి గొంతుతో.

"నన్ను వెక్కిరించకు."

"నన్ను వెక్కిరించకు."

"నేను ఏడుస్తానంతే."

"నేను ఏడుస్తానంతే."

సీలమ్మకి ఏడుపు మధ్యలో నవ్వొచ్చేసింది. "ఛీ, నీతో మాట్లాడ్డం దండగ. పలుకుతావు గానీ ఒక్క మాటా చెప్పవు."

గిలకమ్మ ఈసారి తిరిగి అనలేదు. గభాలున లేచింది. ఎగుడుదిగుడుగా పరిగెత్తుకుంటూ మళ్ళీ ఇరుసయ్య దగ్గరికి పోయింది.

"మామా, పిలిస్తే పలకాలన్నారు. ‘ఓయ్’ అనే పలకాలన్నారా?"

ఇరుసయ్య లక్ష ఏళ్ళ జ్ఞాపకాలన్నీ గిరగిరా తిప్పి చూసుకున్నాడు. పొగ కూడా వచ్చింది. "అనలేదే. కానీ అందరూ అలాగే అంటారు కదా."

"అందరూ వెళ్ళిపోతూనే ఉన్నారు కదా."

"అది పలికినట్టు కాకపోతేనో?"

"పిల్ల దీపం ఆరిపోతుంది," అంది గిలకమ్మ. ఆ మాటలో వెటకారం లేదు. "‘ఓయ్’ అంటే ఎలాగూ పోతుంది మామా."

ఆ రోజంతా తల్లీకూతుళ్ళు ఒకటే పని. తల్లి "సీలమ్మా" అనడం, కూతురు "ఓయ్" అనడం. ఆ ‘ఓయ్’ ఆ పిల్ల గొంతులో సిద్ధంగా కూర్చుని ఉండేది. పిలుపు వినగానే కప్పలా దూకేది.

"దాన్ని మింగెయ్," అంది గిలకమ్మ. "ముందు మింగు. తర్వాత నా మాట నాకిచ్చెయ్. పలికినట్టూ ఉంటుంది, నీ మాట ఇచ్చినట్టూ ఉండదు."

"చేదుగా ఉందమ్మా."

"ఉంటుంది. తుప్పు పట్టిన మాట కదా."

మధ్యాహ్నం దాటాక ఒకసారి మింగింది. తర్వాత రెండుసార్లు తప్పింది. మళ్ళీ మింగింది. ఇంకొన్నిసార్లు ఆడితే బాగా వచ్చేసేదేమో. కానీ అప్పటికే గుహ గుమ్మం దగ్గర గడ్డి చల్లబడింది. పిట్టలు ఆగిపోయాయి.

మరజనమంతా గోడలకి అతుక్కుపోయారు. వెయ్యి దీపాల్లో మిగిలినవన్నీ ఒకేసారి వణికాయి.

"సీలమ్మా..."

ఎంత మెత్తగా పిలిచిందో ఆ గొంతు. గిలకమ్మకే "వస్తున్నా" అనాలనిపించింది. సీలమ్మ నోరు తెరుచుకుంది. గొంతులో ఏదో కదిలింది. "ఓ..." అని సగం బయటికొచ్చింది.

గిలకమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇంకేం చెయ్యలేదు, ఇంకేం చెయ్యడానికీ లేదు.

సీలమ్మ గుండెలో దీపం కుంచించుకుపోయింది. గోరంత. నువ్వుగింజంత. నీలంగా, ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టు.

గుటక్.

"సీలమ్మా..." అంది సీలమ్మ.

దీపం లేచి నిలబడింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

బయట గడ్డి ఇంకాస్త చల్లబడింది. తర్వాత, "ఎవరది?"

"ఎవరది?" అంది సీలమ్మ. ఈసారి గిలకమ్మ కూడా అంది.

"నిన్నే."

"నిన్నే." ఇప్పుడు పదిమంది.

"వెక్కిరిస్తున్నావా?"

"వెక్కిరిస్తున్నావా?" ఇప్పుడు కొండ కడుపులో ఉన్నవాళ్ళంతా. ఇరుసయ్య అందరికంటే గట్టిగా అరిచాడు. ఎన్నాళ్ళ కోరికో.

బయటి గొంతులోంచి మెత్తదనం పోయింది. కొండ రాళ్ళు జలజలా రాలాయి. "నేనెవరో తెలుసా?"

"నేనెవరో తెలుసా?"

"అన్నయ్యా, వద్దు, ఊరుకో," అని ఇంకో గొంతు వినిపించింది. కానీ కోపం వచ్చినవాడు తమ్ముడి మాట ఎప్పుడు విన్నాడు?

"కటికప్ప! సూర్యుడికి బొడ్డు కోసిన కటికప్ప! వినపడిందా? కటికప్ప!"

కొండంతా ఒక్క గొంతై, ఆ పేరుని మూడుసార్లూ తిరిగి ఇచ్చింది. "కటికప్ప. కటికప్ప. కటికప్ప."

లోకం పుట్టాక ఎవరూ ఆ పేరు పెట్టి పిలవలేదు. ఎవరికి తెలుసు గనక. కట్టు మాత్రం అందరికీ ఒకటే. చీకట్లోంచి ఎక్కిళ్ళలా మూడు ‘ఓయ్’లు వచ్చాయి.

అప్పుడు కటికప్పకి భయమేసింది. భయపెట్టడమే గానీ భయపడడం అలవాటు లేదు ఆయనకి. "ఒరేయ్ కారప్పా, చిమ్మప్పా, పట్టుకోండ్రా. కారప్పా, చిమ్మప్పా. ఒరేయ్ కారప్పా, చిమ్మప్పా," అని తమ్ముళ్ళని కేకలేశాడు. కొండ ఊరుకుంటుందా? అవి కూడా మూడేసిసార్లు తిరిగి ఇచ్చేసింది.

ముగ్గురూ వచ్చారు. రాక తప్పలేదు. గుమ్మంలోంచి చల్లటి చీకటి బారులు తీరి లోపలికి నడిచింది. మరజనం కళ్ళు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. అది వాళ్ళని రాసుకుంటూ పోయి, కొండ అట్టడుగు గదిలో కూర్చుంది. లోపలినుంచి ఏడుపు మొదలైంది.

"పొరపాటైపోయింది. వెళ్ళిరా అనండి. ఒక్కసారి వెళ్ళిరా అనండి."

మరజనం నోళ్ళు తెరిచారు. ‘వెళ్ళిరా’తో సహా మొత్తం తిరిగి అంటే అయిపోయినట్టే. గిలకమ్మ చటుక్కున అందరికంటే ముందు, చివరి ముక్క ఒక్కటే పట్టుకుంది.

"అనండి," అంది.

"అనండి... అనండి..." అన్నారు అందరూ.

ఇంకో సంగతి జరిగింది. కటికప్ప ఏడుస్తూ తన నోటితో తానే ‘వెళ్ళిరా’ అన్నాడు కదా. అంతకుముందు ఆయన పిలిచినవాళ్ళంతా ఇంకా కొండ అవతల, ఆ మాట కోసమే నిలబడి ఉన్నారు. విని, ఒక్కొక్కరే నడుచుకుంటూ వచ్చేశారు. వచ్చారు గానీ, ఒక్కరి గుండెలోనూ వెలుగు లేదు. తిరగలయ్య వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. గిలకమ్మ తన దీపాన్ని ఆయన దీపానికి ఎంతసేపు ఆనించిందో. చివరికి ఒక చిన్న నిప్పురవ్వ అంటుకుంది. మాట్లాడేంత కాదు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకునేంత.

మరజనం ఇక ఆ గుమ్మం వదల్లేదు. వరసగా కూర్చుని కాపలా కాస్తూ ఉండిపోయారు. ఒంటిమీద తుప్పు, తుప్పు మీద నాచు, నాచు మీద మట్టి పేరుకున్నాయి. ఇప్పుడు చూస్తే రాళ్ళే అనుకుంటారు. బయట ఎవరు పిలిచినా, లోపల ఎవరు పిలిచినా, సొంత మాట ఒక్కటి కూడా అనరు. ఎవరి మాట వాళ్ళకే ఇచ్చేస్తారు. గుహ అట్టడుగున మాత్రం ముగ్గురూ ఇంకా వింటూనే ఉన్నారు. అందుకని, కొండ దగ్గరికి వెళ్తే మీకిష్టమైంది అరుచుకోండి. మీ తమ్ముడి పేరు అరవండి, మేష్టారి పేరు అరవండి. ‘వెళ్ళిరా’ అని మాత్రం అరవకండి. మీకు పుణ్యముంటుంది.

అప్పటినుంచే కొండ ముందు నిలబడి ఏం అరిచినా మన మాటే మనకి తిరిగొస్తోంది. పొడుగు మాటైతే చివరి ముక్కే వస్తుంది. అదైనా వెంటనే రాదు. అరిచాక ఒక్క క్షణం అంతా ఊపిరి బిగపట్టినట్టు ఉంటుంది చూడండి, ఆ క్షణంలోనే సీలమ్మ తన ‘ఓయ్’ని మింగుతుంది.