గుసగుసల వైద్యం

కొండవాలున వెదురు పొదల కింది బొరియలో నూకాలు అనే ముళ్ళపందికి మూడు రోజులుగా కాలు నిలవడం లేదు. వీపు మీద గడ్డ లేచింది. ఆ సలుపుకన్నా ఆమెను ఎక్కువగా తినేస్తున్నది వైద్యుడి గుసగుస. ఎలుగుబంటి భల్లయ్య అడవి మొత్తానికీ వైద్యుడు. మంచి హస్తవాసి, కాదనలేం. కానీ ఆయనకో పాడు అలవాటు. రోగిని చూస్తాడు, సంగతి మాత్రం పక్కకు వెళ్ళి ఇంట్లోవాళ్ళ చెవిలో చెబుతాడు. రోగి అడిగితే "నీకెందుకమ్మా, నేనున్నాగా" అని నవ్వేస్తాడు.

నూకాలు లోపలికీ బయటికీ తిరిగింది, తిండి మానేసింది, చివరికి మొగుడు పైడయ్యను నిలదీసింది. అతను సంగతి బయటపెట్టాడు. రేపు పొద్దున్నే భల్లయ్య ఆమెకు మత్తు ఆకు తినిపించి వీపు మీది ముళ్ళన్నీ పీకేస్తాడట. తెలిస్తే భయపడుతుందని, చెప్పొద్దన్నాడట.

నూకాలుకు ఒళ్ళు మండిపోయింది. అసలే చిరుత తిరిగే కాలం, పాలు తాగే పిల్లలు ఇద్దరు. ముళ్ళు లేకుండా వాళ్ళకు అడ్డం ఎలా నిలబడాలి? ఆ సంగతి భల్లయ్యకేం తెలుసు, అడిగితే కదా తెలిసేది.

తెల్లారగానే భల్లయ్య ఆకుతో వచ్చాడు. నూకాలు ఆయన కళ్ళలోకి పరకాయించి చూసి నిట్టూర్చింది. మొగుణ్ణి పక్కకు లాక్కెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. పైడయ్య వైద్యుడి వంక జాలిగా చూసి తల దించుకున్నాడు.

"ఏమిటది?" అన్నాడు భల్లయ్య.

"మీకెందుకులెండి బాబూ, మేమున్నాంగా."

భల్లయ్య పొట్ట నొక్కుకున్నాడు. నీటిగుంట దగ్గరికి వెళ్ళి నాలుక చూసుకున్నాడు. మళ్ళీ వచ్చి అడిగాడు. చెబితే కంగారు పడతారంది నూకాలు. ఎండ బొరియ ముందుకు వచ్చేసరికి పెద్దాయన చేతిలోని మత్తు ఆకు పక్కన పడేసి చేతులు జోడించాడు.

"చావొచ్చినా సరే, చెప్పు తల్లీ. నా ఒంటి సంగతి నాకే తెలియకపోతే ఎలా?"

"మీకేమీ లేదు. తల దించుకుని నిలబడమని మా ఆయనకు చెప్పాను, అంతే. ఒక్క పూటకే మీరిలా అయిపోయారు. నాకు మూడు రోజులైంది."

భల్లయ్య సిగ్గుతో చతికిలబడి, మొదటిసారి రోగితోనే మాట్లాడాడు. ముళ్ళు పీకితే గడ్డ రెండు రోజుల్లో తగ్గుతుంది, అవి మళ్ళీ మొలవడానికి మాత్రం నెలలు పడుతుంది. వేడి ఆకు కట్టు కడితే ముళ్ళు దక్కుతాయి, కానీ పక్షం రోజులు నరకం, తగ్గుతుందన్న పూచీ కూడా తానివ్వలేడు.

నూకాలు పిల్లల వైపు చూసింది.

"కట్టే కట్టండి."

భల్లయ్యకు అది నచ్చలేదు. అయినా లేచి, కట్టుకు ఆకులు కోసుకొచ్చి ఎండకు కాగిన బండ మీద పరిచాడు.

ఒంటి మీద చెయ్యి వేసే ముందు ఆ ఒళ్ళు ఎవరిదో వాళ్ళనే అడగాలి, ఎంతటి వైద్యుడైనా.