లాస్యను చూసి వెళ్లినవాళ్లు

డాక్టర్ హైమావతిగారికి ఒక అలవాటుంది. శిష్యులు వాదనకు దిగితే తన గదిలో జవాబు చెప్పరు; పిల్లల రక్తవ్యాధుల వార్డు ముందున్న బల్ల దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడికి వెళ్లాక గొంతు పెంచి వాదించినవాళ్లను నేనైతే చూడలేదు.

ఆ రోజు వాదనకు దిగినవాడు కిరీటి. రోగుల పరీక్షల వివరాలను దూరాన ఉన్న పరిశోధకులతో భద్రంగా పంచుకునే బ్లాక్‌చెయిన్ యాప్ తయారుచేస్తున్నాడు. కుటుంబం ఫోన్లో అనుమతిస్తేనే వివరాలు తెరుచుకుంటాయి. తెరిచినవాళ్ల జాడను ఎవరూ చెరపలేరు. ఆ జాడ కుటుంబానికీ కనిపించాలని హైమావతిగారు పట్టుబట్టారు.

"తాళంచెవి వాళ్ల చేతికే ఇచ్చాం కదా మేడమ్. ఎవరు తెరిచారో కూడా వాళ్లకెందుకు? కంగారుపడి అనుమతి వెనక్కి తీసుకుంటారు" అన్నాడు. తెలివైన కుర్రాడే, పాపం.

ఆమె అతన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్లారు.

అక్కడ సత్యవేణి కూర్చుని ఉంది. ఆమె కూతురు లాస్య అరుదైన రక్తవ్యాధితో కిందటి వేసవిలో పోయింది. ఆ జబ్బున్న పిల్లలు ఎంత తక్కువంటే, లాస్య వివరాలు మూతపడితే మందు వెతికేవాళ్లకు చెయ్యి విరిగినట్టే. "పాపయి రిపోర్టులు ఫోన్లో ఇచ్చాం కదండీ, దాని గురించొచ్చాను" అంది.

అనుమతి వెనక్కి తీసుకోడానికే వచ్చిందనుకున్నాడు కిరీటి. అయినా మర్యాద తప్పకుండా, అనుమతి ఎలా రద్దుచేయాలో చూపించబోయాడు.

"అది కాదు బాబూ. ఇంకా ఎవరైనా చూస్తన్నారా అని."

అతను తన ఫోన్లో జాడలు తెరిచాడు. "పొద్దున కూడా చూశారమ్మా. పుణేలో ఒక డాక్టరుగారు. ఇదే జబ్బుతో వాళ్ల దగ్గర ఒక బాబున్నాడని రాశారు."

"మా పాప పేరు తెలుసా ఆయనకి?"

"తెలీదమ్మా. పేరు దాచే పంపుతాం."

సత్యవేణి ఆ ఫోను మీదికి వంగింది. "పోన్లెండి, చూస్తన్నారు కదా. పేరెత్తితే నేనేడుస్తానని మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. పరామర్శకొచ్చేవోళ్లూ మానేశారు." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మళ్లీ ఎవరైనా వస్తే నాకు తెలుస్తదా బాబూ?"

"తెలుస్తుందమ్మా" అన్నాడు కిరీటి. ఆ జాడల పేజీని కుటుంబాల ఫోన్లలో అతను ఇంకా పెట్టనేలేదు. ఆమె వెళ్లేదాకా తలెత్తలేకపోయాడు.

హైమావతిగారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"తాళం బాగానే చేశావు నాన్నా. పిల్లని చూడ్డానికొచ్చినవాళ్లు వాళ్లమ్మకి చెప్పి వెళ్లాలి కదా."