దీపం బాగున్నాడంది

ఒక రాజ్యంలో వైద్యశాలకు ఒక దీపం ఉండేది. రోగి ముంజేతిని దాని గాజుకు ఆనిస్తే మంట రంగు చెప్పేది. పసుపుగా ఉంటే ఒంట్లో ఊపిరి చాలినంత ఉన్నట్టు, నీలంగా మారితే తగ్గిపోతున్నట్టు. నీలం వచ్చినవాళ్లకే లోపల మంచం, ఊపిరి ఊదే తిత్తి.

దీపం పెట్టించడంలో రాజుగారి ఉద్దేశం మంచిదే. అంతకుముందు వైద్యులు అయినవాళ్లకు మంచం, కానివాళ్లకు అరుగు చూపించేవారు. అందుకని ఆయన, ఇకమీదట వైద్యుడు రోగి మొహం చూడకూడదు, దీపాన్నే చూడాలని ఆజ్ఞ వేశాడు. ఆహా, ఎంత ధర్మం అని జనం మెచ్చుకున్నారు.

పొరపాటల్లా ఒక్కటే. దీపం చేసిన పనివాడు దాన్ని కోటలోపలి పన్నెండుమంది మీద పరీక్షించి, సరిపోయిందన్నాడు. ఆ పన్నెండుమందీ ఒలిచిన వెల్లుల్లి రెబ్బల్లా తెల్లగా ఉండేవాళ్లు. కోట బయట కూడా మనుషులుంటారని ఆ మహానుభావుడికి తట్టనే లేదు.

కోట బయట, సముద్రం ఒడ్డున రాజుగారి ఉప్పుమళ్లున్నాయి. అక్కడివాళ్లు పుట్టుకతోనే నల్లనివాళ్లు. నూకాలు అక్కడి మనిషే. ఒక పొద్దున ఆమె పెనిమిటి మడిలో ఉప్పు లాగుతూ లాగుతూ కూలబడ్డాడు. ఎవరికైనా ఆయాసం వస్తే ఉప్పుమళ్లవాళ్లు కింది పెదవి మడిచి లోపల చూస్తారు. అది నేరేడుపండు రంగు తిరిగిందంటే ఇక కబుర్లుండవు, మోసుకుపోవడమే. నూకాలు మడిచి చూసింది. అచ్చం నేరేడుపండే. ఇరుగుపొరుగుల చేత నులకమంచం మీద మోయించుకుని వైద్యశాలకు పరుగున వచ్చింది.

వైద్యుడు తల ఎత్తకుండానే అతని ముంజేతిని గాజుకు ఆనించాడు. మంట పసుపుగానే నిలిచింది.

"బాగానే ఉన్నాడు. తీసుకెళ్లు."

"బాగుండడమేటి బాబూ! ఒక్కపాలి ఆ పెదవి మడిచి సూడండి. మీ కాళ్లకు దండం పెడతాను."

"నేను చూడకూడదు. చూసే పని దీపానిది."

వెనక వరసలో కోటలో తాంబూలాలు చుట్టే ఆయన ఉన్నాడు. కాలు బెణికితే చూపించుకుందామని వచ్చాడు. "నాకేం లేదండీ, మెట్లెక్కితే కాస్త రొప్పు, అంతే," అంటూనే చెయ్యి ఆనించాడు. మంట నీలంగా మారింది. వెంటనే లోపలికి మోసుకుపోయారు. ఆయన బతికి బట్టకట్టింది ఆ దీపం వల్లే, కాదంటే కళ్లు పోతాయి.

నూకాలు మళ్లీ వరసలో నిలబడింది. మళ్లీ పసుపే. పెనిమిటి ఆమె కొంగు పట్టుకుని, "ఇంటికి పోదామే," అన్నాడు. ఆమె వినలేదు. ఇంటికి తీసుకెళితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మూడోసారి అతని చెయ్యి ఆమే ఎత్తి గాజుకు ఆనించింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. మంట పసుపుగానే ఉంది.

"బాగానే ఉన్నా..."

"పోయాడు బాబూ," అంది నూకాలు.

వైద్యుడు మొదటిసారి తల ఎత్తాడు. చూడకూడని మొహం చూశాడు. వంగి, తన వేళ్లతోనే ఆ కళ్లు మూశాడు. తర్వాత దీపం వైపు చూశాడు. దీపం చెప్పనిది వైద్యశాల పుస్తకంలో రాస్తే కొలువు ఊడుతుంది, ఇంట్లో పిల్లలున్నారు. కలం తీసి, "ఆరోగ్యంగా ఇంటికి వెళ్లాడు" అని రాశాడు. రాసి, తరవాతి మనిషిని పిలిచాడు.

ఉప్పుమళ్లకు అవతల ఇసుకలో అతన్ని పూడ్చిపెట్టారు. నూకాలు మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు పుస్తకం నకలు చేత్తో పట్టుకుని కోట భటుడొచ్చాడు.

"నీ పెనిమిటి ఏడి? ఆరోగ్యంగా ఉన్నాడని ఇక్కడ రాసుంది. మూడు రోజులుగా పనిలోకి రాడేం?"

నూకాలుకు ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. "రండి బాబూ, సూపిస్తాను," అని అతన్ని ఇసుక దిబ్బ దగ్గరికి తీసుకెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని దిబ్బను చేత్తో తట్టింది.

"లెగవయ్యా," అంది. "నువ్వు బాగున్నావంట. పనిలోకి రమ్మంటన్నారు."

భటుడు పుస్తకంలో ఆ పేరు మీద వేలు పెట్టుకుని, ఎప్పుడు లేస్తాడా అని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.