నీకు పోసుకున్నట్టే పొయ్యి

"ఒంటి మీద మోజు వదులుకోమని పెద్దలంతా చెబుతారు గదమ్మా. మరి ఒంటి మీద రోత వదులుకోవడం ఎలాగో ఎవరూ చెప్పరేం?"

ఈ మాట అడగడానికి కూర్మమ్మకు ఏళ్లు పట్టింది. అదీ గురువమ్మ మొహం చూసి కాదు, బియ్యంలో రాళ్లేరుతూ, చేటతో చెప్పుకుంటున్నట్టు అడిగింది. నాగావళి ఒడ్డున ఆ మఠంలో చేరిన నాటికే ఆమె మెడ మీద, చేతుల మీద బొల్లి మచ్చలున్నాయి. మండుటెండలో కూడా కొంగు మెడ చుట్టూ కప్పుకునే తిరిగేది. ఆవేళ అన్నకూతురి పెళ్లి. మేనత్తవి, నలుగు నువ్వే పెట్టాలి, పొద్దెక్కేసరికి బండి తెస్తానని అన్న కబురంపాడు. కిందటి పెళ్లిలో ఒక ముసలావిడ ఈమె చేతిలోంచి గంధం గిన్నె తీసుకుని, నువ్వలా కూర్చో తల్లీ, ఇంకెవరైనా రాస్తార్లే అంది. తిట్టలేదు, మెత్తగానే అంది. అది ఇప్పటికీ సలుపుతూనే ఉంది. వెళ్తే ఆ పిల్ల ముందు మళ్లీ అదే జరుగుతుందేమో. వెళ్లకపోతే పిల్ల ఏమనుకుంటుందో.

గురువమ్మ పేరు చిన్నాంబ. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పే మనిషి కాదు. విననట్టే లేచి, గంగాళంలో నీళ్లు కాగాయా అని అడిగింది. కాగాయంటే, "ఇవాళ నాకు నువ్వు పొయ్యి. నీకు పోసుకున్నట్టే పొయ్యాలి, పిసరు తేడా రాకూడదు. నీ పీచే తెచ్చుకో" అని తడిక వెనక పీట మీద కూర్చుంది.

కూర్మమ్మ పీచు ఒళ్లు రుద్దుకునేది కాదు, అంట్లు తోమే కొబ్బరి పీచు. రోజూ తెల్లారకముందే తడిక చాటుకు పోయి, మచ్చలు ఎర్రబడి మండేదాకా దాంతోనే రాసుకునేది. రాసుకుంటూ ఒంటిని నానా మాటలూ అనేది. ఎవరికీ తెలీదనుకుంది. తడికకు అవతల గురువమ్మ జపం చేసుకునే అరుగుందన్న మాటే ఆమెకు తోచలేదు.

గురువు మాట కాదనలేక చెంబెడు నీళ్లు పోసింది. పీచు ఆ ముడతల వీపు మీద పెట్టి, ఒక్కసారి రాసింది. పల్చటి చర్మం మీద ఎర్రటి గీత లేచింది. గురువమ్మ కదల్లేదు, అబ్బా అనలేదు.

"నోటితో అనేవి కూడా అనవే," అంది.

కూర్మమ్మ నోరు తెరిచింది. దిక్కుమాలిన ఒళ్లా, ఎందుకు పుట్టావే అన్న రోజువారీ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అనకపోతే ఆజ్ఞ దాటినట్టు. అంటే, ఇంకేమన్నా ఉందా. పీచు ఎప్పుడు జారవిడిచిందో ఆమెకే తెలీదు. ఆ గీత మీద అరచేత్తో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ, మండుతోందా అమ్మా, మండుతోందా అని అడుగుతూనే ఉంది.

గురువమ్మ ఆ చెయ్యి పట్టుకుని, మచ్చ మీద బొటనవేలు ఉంచింది. ఇంతలో వాకిట్లో అన్న బండి ఆగిన చప్పుడైంది. కూర్మమ్మ ఉలిక్కిపడి కొంగు మెడకు లాక్కోబోయింది.

"మీ అన్నని కాసేపు ఆగమను," అంది గురువమ్మ, పీట మీంచి లేస్తూ. "నా వీపు నీతో ఏమీ చెప్పలేదు. అయినా దాని మంట నీకు వినబడింది. నీళ్లింకా వేడిగానే ఉన్నాయి, ఇప్పుడు ఈ పీట మీద నువ్వు కూర్చో."