ముత్యాలి ఖాళీ గంప

నా కథ మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళిపోతే నేను కోప్పడను. పాపం, ఎంత గొప్ప కథ పోగొట్టుకుంటున్నారో అని జాలిపడతాను. అంత మెత్తని మనసు నాది. కాబట్టి కదలాలనిపించినవాళ్ళు కదలండి. ఈ కథ కూడా కుదురులేని మనిషిదే.

వెనకటికి, ఏటి రేవు పక్కన సంత కొత్తగా మొదలైన రోజుల్లో, ముత్యాలి అని ఒక పిల్ల ఉండేది. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే పరిగెత్తాలి. అలాంటి పిల్ల. తల్లీ తండ్రీ లేరు. మేనమామ ఇంట్లో పెరిగింది. ఒకనాడు ఆయన అన్నాడు: "మూడు సంతలు సూస్తానే. నీ కూడు నువ్వు సంపాదించుకుంటే సరే. నేదంటే దివాణంలో పాచిపనికి పంపేస్తాను."

దివాణంలో పనికెళ్ళిన ఆడపిల్ల మళ్ళీ ఆ గుమ్మం దాటి వచ్చింది లేదు.

ముత్యాలి పరుగున చింతపండు అమ్మే బూసమ్మ దగ్గరికెళ్ళింది.

"మామ్మా, నాకు యాపారం నేర్పు. ఏటి అమ్మమంటావు?"

బూసమ్మ ఒక గంప ముందుకి తోసింది. "ఇది పట్టుకెళ్ళి సంతలో కూకో."

"ఇందులో ఏటీ నేదు కదా!"

"ఏటి పెట్టాలో నాకేటి తెలుసే గుంటా? జనానికి తెలుసు. నువ్వు కూకో."

మొదటి సంత. ఖాళీ గంప ముందేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళల్లా "ఏటి అమ్ముతున్నావే?" అని అడిగి, గంపలోకి చూసి నవ్వుతున్నారు. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి, నడిస్తే పరిగెత్తాలి. పొద్దు నడినెత్తికి రాకముందే పరిగెత్తింది.

రెండో సంత. గంపనిండా గడ్డి కూరి, పైన గుడ్డ కప్పింది. ఒకావిడ గుడ్డ ఎత్తి చూసి, "మీ ఊర్లో గడ్డి కూరొండుకుంటారేటే?" అంది. సంతంతా నవ్వింది. మళ్ళీ పరుగే.

మూడో సంత. ఇంక పరిగెత్తితే దివాణంలోకే. ముత్యాలి గడ్డి పారబోసి, రెండు చేతులతో ఖాళీ గంప అంచు పట్టుకుని కూర్చుంది. చంకలో పిల్ల, నెత్తిన మూట పెట్టుకుని ఒకావిడ వచ్చింది.

"గంప కాళీగానే ఉంది కదమ్మా, ఈ మూట సూస్తుండు. సేపలు కొనుక్కొస్తాను."

తర్వాత ఒక తాత కిర్రుచెప్పులు పెట్టి వెళ్ళాడు. ఇంకొకడు కాళ్ళు కట్టేసిన కోడిపెట్టని పెట్టి వెళ్ళాడు. ముత్యాలికి అరికాళ్ళు దురద పెడుతున్నాయి. లేస్తే మూట పోతుంది, చెప్పులు పోతాయి, కోడి పోతుంది. లేవలేదు.

సాయంత్రం ఎవరి వస్తువు వాళ్ళు తీసుకుని, ఒకరు రెండు చేపలు, ఒకరు గుప్పెడు మిరపకాయలు, ఒకరు వంకాయలు గంపలో వేసి వెళ్ళారు. మేనమామ గంప వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, దివాణం మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఏటి అమ్మినావే?" అంది బూసమ్మ.

"ఏటీ అమ్మనేదు మామ్మా. కూకున్నాను."

"అయితే ఇంక నాకాడ నేర్పడానికి ఏటీ నేదు, పో."

ముత్యాలి అక్కడే కూర్చుని సంతందరికీ అప్ప, ముత్యాలప్ప అయింది, జుట్టు నెరిసింది. ఒక సంతనాడు వెదురు గుంజకి ఆనుకుని కళ్ళు మూసింది. కునుకు తీస్తోందనుకుని, లేపడం ఎందుకని, ఎవరి మూట వాళ్ళు తీసుకుని, ఎవరి పిడికెడు వాళ్ళు వేసి వెళ్ళారు. పొద్దు వాలాక ఎవరో తట్టి పిలిస్తే తెలిసింది. ఒక్క మూట కూడా చెయ్యి మారలేదు.

ఇప్పటికీ ఆ సంతలో మూట దించి పక్కకెళ్ళేవాళ్ళు "ముత్యాలప్పా, సూస్తుండు" అనే వెళ్తారు. ఎవరూ ముట్టరు. కొత్తగా దుకాణం పెట్టేవాళ్ళు మొదటి సంతకి ఖాళీ గంపతోనే కూర్చుంటారు.

నేనూ దుకాణం పెడదామని వెళ్ళాను. ఏం అమ్మాలో తెలియకముందే బోర్డు రాయించాను, నా పేరు పెద్దక్షరాల్లో. గంప ముందేసుకుని కూర్చున్నాను. నలుగురు నవ్వేసరికి లేచి వెళ్ళి గడ్డి కోసుకొచ్చి, గుడ్డ కప్పాను.

ఖాళీ గంప ముందు కూర్చోవడం నాకింకా రాలేదు.