క్షమాపణ చెప్పని గేదె

దగ్గరకి జరగండర్రా. గోడవార నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చోండి. ఎవరి సంచి మీద ఎవరూ కూర్చోకండి, తర్వాత పంచాయితీ నాకొద్దు. ఆఁ, ఇప్పుడు వినండి.

బొమ్మికవలసలో నూకయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన, భార్య అప్పాయమ్మ, తమ్ముడు చిట్టెబ్బాయి. ముగ్గురికీ కలిపి ఒక గేదె, దాని పేరు లచ్చి. ముగ్గురికీ కలిపి ఒక ఫోను, అది చిట్టెబ్బాయి చేతిలోంచి దిగేది కాదు. లచ్చి పాలన్నీ టీకొట్టు సన్నిబాబు కొనేవాడు. ఆ పాలు అమ్ముడైతేనే వాళ్ళింట్లో పొయ్యి వెలిగేది. తెలివి మాత్రం ఎవరి వాటా వారికి విడిగా ఉందని నూకయ్య నమ్మకం. "ఊళ్ళోవాళ్ళు మాట విని వదిలేస్తారు. మనం విన్నమాట విన్నట్టు చేస్తాం. అదీ తేడా" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

వాళ్ళ పశువులపాక తలుపు మీద సినిమా హీరో శౌర్యచంద్ర బొమ్మ అంటించి ఉండేది. ఒక చేత్తో పాలగ్లాసు, ఇంకో చేతికి కండ, కింద "నా బలం పాలే" అని రాత. నూకయ్య రోజూ దానికి దండం పెట్టాకే లోపలికి వెళ్ళేవాడు. పాలమ్ముకునేవాడికి అంతకన్నా దేవుడెవరు?

ఒక ఉదయం చిట్టెబ్బాయి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, కొంప మునిగింది. శౌర్యచంద్ర తన నోటితో తనే చెప్పేశాడు. బుద్ధెరిగాక పాలు ముట్టనే లేదట. వాసనకే వాంతొస్తుందట. ఆ గ్లాసులో ఉన్నది సున్నపునీళ్ళట."

నూకయ్య మీసం దువ్వడం ఆపేశాడు. "మరి జనం ఏమంటున్నారు?"

"ఇక జన్మలో వాడి మొహం చూడం అంటున్నారు. ఎక్కడ నొక్కినా అదే మాట."

"పద్ధతైన మాట. మనమూ చూడొద్దు."

"అయితే ఆ బొమ్మ చింపేద్దాం," అంది అప్పాయమ్మ.

"చింపాలంటే చూడాలి కదే," అన్నాడు నూకయ్య.

అంతే. ముగ్గురూ పాకలోకి వెనక్కి నడుస్తూ వెళ్ళడం మొదలుపెట్టారు. తలుపు తెరిస్తే బొమ్మ లోపలివైపు తిరిగేది. అందుకని అప్పాయమ్మ దానికి వీపు పెట్టి కూర్చుని, చేతులు వెనక్కి చాచి పాలు పితకబోయింది. చేతికందింది పొదుగు కాదు, తోక. లచ్చి ఒక్క తన్ను తన్నింది. చెంబు ఒక మూల, అప్పాయమ్మ ఒక మూల.

"దేశమంతా ఓర్చుకుంటోంది. మనమూ ఓర్చుకోవాలి," అన్నాడు నూకయ్య. విరిగింది ఆయన నడుం కాదు కదా.

మర్నాడు చిట్టెబ్బాయి ఇంకో మాట చదివాడు. కోపం వచ్చినవాళ్ళు కోపం చూపించాలట, ఊరుకున్నవాడు శౌర్యచంద్ర పక్షం కిందే లెక్కట. ఇంకేముంది, నూకయ్య పాలక్యాను టీకొట్టు బల్ల మీద పెట్టి, కళ్ళు ఉరిమి, పళ్ళు కొరుకుతూ సన్నిబాబు ఎదురుగా నిలబడ్డాడు.

"ఏం నూకయ్యా, నామీద కోపమా?"

"నీమీద ఎందుకుంటుంది సన్నిబాబూ. శౌర్యచంద్ర మీద."

"మరి నన్నలా చూస్తావేం?"

"వాడి మొహం చూడకూడదు కదా. నీది ఖాళీగా కనిపించింది."

టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని చల్లగా పక్కకి జరిగారు.

వారం తిరక్కుండానే గాలి మారింది. శౌర్యచంద్ర కళ్ళు ఒత్తుకుంటూ తప్పయిందన్నాడు. తిట్టినవాళ్ళే కరిగిపోయారు. తప్పు ఒప్పుకున్నవాడే మహానుభావుడన్నారు. నువ్వూ నీ తప్పు ఒప్పుకో, లోకం నిన్ను గుండెల్లో పెట్టుకుంటుందని కూడా ఎవరో రాశారు.

"అయితే మనమూ ఒప్పుకుందాం," అన్నాడు నూకయ్య.

సాయంత్రమంతా ముగ్గురూ అరుగు మీద కూర్చుని తమ తప్పుల కోసం వెతుక్కున్నారు.

"మొన్న పక్కింటి పిల్లిని తిట్టాను," అంది అప్పాయమ్మ.

"దానికెవరు ఏడుస్తారే? జనం తల్లడిల్లిపోయే తప్పు కావాలి." నూకయ్యకి నిజంగానే దిగులు పట్టుకుంది. ఎంత గాలించినా ఒక్కటీ లేదు. "ఇన్నేళ్ళు బతికి ఏం లాభం? ఒప్పుకోవడానికి ఒక్క తప్పు లేదు."

"లేకపోతే చేద్దాం అన్నయ్యా," అన్నాడు చిట్టెబ్బాయి. "పొద్దున్నే చేసి, టీలవేళకి ఒప్పుకుందాం."

అంతే. తెల్లారగానే పాలక్యానులో చెంబెడు నీళ్ళు గుమ్మరించారు. ఎన్నడూ చెయ్యని పని. నూకయ్య కళ్ళు మూసుకున్నాడు. అక్కణ్ణించి నేరుగా టీకొట్టుకి. చిట్టెబ్బాయి ఫోను ఎత్తి పట్టుకున్నాడు. నూకయ్యకి ఏడుపు రాకపోతే అప్పాయమ్మ వెనకనుంచి గిల్లింది.

"అయ్యలారా, పాలల్లో నీళ్ళు కలిపాను. మన్నించండి," అని నూకయ్య దండ వేస్తారేమోనని మెడ వంచి నిలబడ్డాడు.

దండ రాలేదు. సన్నిబాబు గరిటె కింద పెట్టాడు. "ఎన్నాళ్ళనుంచి?"

"ఇవాళే. మీకు చెప్పడం కోసమే కలిపాం."

"దొరికిన ప్రతి దొంగా ఇవాళే మొదలెట్టానంటాడు."

"దొరకలేదు సన్నిబాబూ. నా అంతట నేనే చెప్పాను."

"ఇంత చెప్పావంటే ఎంత దాచావో."

ఇంకేముంది, మధ్యాహ్నానికి ఊరి ఫోనులన్నిటిలో నూకయ్యే. పాలదొంగ అని ఒకరు, ముసుగు జారిందని ఒకరు, మొదట్నించీ నాకు అనుమానమేనని లచ్చి పాల టీ రోజూ తాగే మరొకరు. సన్నిబాబు క్యాను వెనక్కి పంపేశాడు. ఆ పూట వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. నూకయ్య కడుపులో కాళ్ళు పెట్టుకుని పడుకున్నాడు. సన్నిబాబు మళ్ళీ కొనకపోతే రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే.

పొద్దున్న చిట్టెబ్బాయి చదివాడు: "అసలు దోషి ఇంకా బయటపడలేదు. వెనకున్నదెవరో తేల్చాలి."

నూకయ్య పాక వైపు నడిచాడు. అలవాటుగా వెనక్కే నడిచాడనుకోండి. ఇటు తిరిగేసరికి లచ్చి కుడితితొట్టిలో మూతి పెట్టి, గుటకలు వేస్తూ నీళ్ళు తాగుతోంది. ఆయన కేకేశాడు.

"ఒరేయ్ తమ్ముడూ, దొరికిందిరా. మనం పోసింది చెంబెడు. ఇది తొట్లకి తొట్లు లోపల కలుపుతోంది."

ముగ్గురూ దాన్ని చుట్టుముట్టారు. చిట్టెబ్బాయి ఫోను మూతి దగ్గర పెట్టాడు.

"ఒక్క మాట అను లచ్చీ. తప్పయిందను చాలు, మేం గుండెల్లో పెట్టుకుంటాం," అని బతిమాలింది అప్పాయమ్మ.

లచ్చి నెమరేసింది.

"చూశావా పొగరు. నమలడం కూడా ఆపలేదు," అన్నాడు నూకయ్య. "అది క్షమాపణ చెప్పేదాకా దాని పాలు మనకొద్దు. పితక్కండి."

అంతే, పాలన్నీ తాగెయ్యమని లచ్చి దూడ తాడు విప్పేశారు. దానికి పండగే పండగ.

ఇంతలో ఎక్కడో ఒక పాటల ఆవిడ తన పాటలు తను పాడలేదని ఒప్పుకుందట. ఊరు ఊరంతా ఆవిడ మీద పడింది. నూకయ్య సంగతి ఎవరికీ గుర్తులేదు. సన్నిబాబు కొట్లో పాలు లేక బేరం పడిపోయింది. పెద్ద క్యాను పట్టుకుని తనే పరిగెత్తుకొచ్చాడు. వెనకే గిన్నెలతో మరో నలుగురు.

"నూకయ్యా, అయిందేదో అయింది. పాలు పొయ్యి. ఎంతుంటే అంత తీసుకుంటాను."

నూకయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఈసారి ఎవరూ గిల్లకుండానే. తమ్ముణ్ణి చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "మళ్ళీ మాట పడకూడదే. లచ్చి పాలల్లో ఎలాగూ నీళ్ళున్నాయి. ఈసారి చుక్క కల్తీ లేకుండా ఇవ్వాలి," అన్నాడు.

ముగ్గురూ గబగబా నూతి దగ్గరికి వెళ్ళి తెల్లటి గుడ్డలో వడకట్టి, సన్నిబాబు క్యాను నిండా నీళ్ళు పోసి తెచ్చారు. వెనకున్న నలుగురి గిన్నెలూ నింపారు.

"తీసుకెళ్ళు సన్నిబాబూ," అన్నాడు నూకయ్య ఛాతీ విరుచుకుని. "ఒక్క పాలచుక్క కలిసిందని నిరూపిస్తే నా మీసం తీయించుకుంటాను."

చాలు, లేవండర్రా. ఇళ్ళల్లో కంచాలు పెట్టేసి ఉంటారు. వేడివేడిగా తినండి. మజ్జిగ పల్చగా ఉంటే మాత్రం మీ అమ్మని నిలదీయకండి.