బట్టమేక పిట్ట రాని ఏడు

వానలు మొదలై నెల దాటింది. గడ్డిబీడుల్లో బతికే ఆ పెద్ద పక్షి, బట్టమేక పిట్ట, ఈ ఏడు కూడా రాలేదు.

మద్దిలేటికి అన్నం సయించడం లేదు. ఆ పిట్ట కోసం అతను చేయని పని లేదు. చుట్టుపక్కల బళ్ళన్నీ తిరిగి పిల్లలకు దాని గురించి చెప్పాడు. ఊరూరా చందాలు అడిగి, తానుండే ఆశ్రమం వెనకున్న గడ్డిబీడులో వేప, కానుగ మొక్కలు నాటించాడు. ఒక్కో మొక్కకూ నాటినవాళ్ళ పేరు రాసి కట్టాడు. "ఎండకు మాడే పిట్టకు నీడ ఇస్తాండాము" అని చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం పలికేది. గొర్రెల కాపరి ఒకాయన "ఈడ చెట్లేంటికి సామీ?" అంటే నవ్వి ఊరుకున్నాడు. మంచిపని మీదున్న మనిషికి ఇంకొకరి మాట ఎక్కడ వినిపిస్తుంది?

నాలుగేళ్ళలో మొక్కలు మనిషెత్తు దాటాయి. అంతకుముందు ఏటా వచ్చి, గడ్డిలో ఉత్త నేలమీదే ఒక్క గుడ్డు పెట్టి పొదిగే పిట్ట మాత్రం రావడం మానేసింది. రేపు పిల్లలు మిగిలిన పడమటి బీడులో కూడా మొక్కలు నాటడానికి వస్తున్నారు. పిట్ట ఏదని అడిగితే వాళ్ళకేం చెప్పాలి?

మధ్యాహ్నం మద్దిలేటి తన గురువైన హుసేనయ్య తాతను అడిగాడు.

"నీడ ఇచ్చినాము, తొట్టిలో నీళ్ళు పెట్టినాము. ఇంకేం తక్కువైంది తాతా?"

"ముందు సంగటి తిను" అన్నాడు తాత.

ఆశ్రమంలో ఒక దొంగకుక్క ఉంది. కాస్త ఏమరితే పళ్ళెం ఖాళీ. అందుకని అక్కడ అందరూ వాకిలి నట్టనడుమ కూర్చుని, నాలుగు వైపులా చూసుకుంటూ తింటారు. మద్దిలేటీ అలాగే కూర్చున్నాడు.

తాత నాలుగు నులక మంచాలు ఒక్కొక్కటే తెచ్చి, వాటి మీద దుప్పట్లు కప్పి, అతని చుట్టూ నిలబెట్టాడు.

"నీడ" అన్నాడు.

మద్దిలేటి ఒక ముద్ద మింగాడు. మంచాల అవతల కుక్క మూలిగింది. ఎడమకు తిరిగాడు. వెనక్కి తిరిగాడు. రెండో ముద్ద నోటిదాకా పోలేదు. పళ్ళెం రొమ్ముకు హత్తుకుని, మంచం తోసుకుని బయటికొచ్చాడు.

"ఏంటికి లేస్తివి?"

"కుక్క ఏ పక్కనుంచి వస్తాదో కనపడలేదు తాతా."

ఆ మాట అన్నాక అతని చూపు బీడు వైపు పోయింది. పొదిగే పిట్టకు నక్క ఎంతో దూరాన ఉండగానే కనిపించే ఆ బయలులో ఇప్పుడు అన్నీ ఆకులే. పళ్ళెం కింద పెట్టి ఏడ్చాడు.

"నేనే తరిమినాను."

"నువ్వొక్కడివేనా? మొదటి వేపమొక్క నాటింది నేను. చిన్నప్పటి నుంచీ చూస్తాండాను ఆ పిట్టను. అయినా ఇన్నాళ్ళూ నాకు తోచలేదు" అన్నాడు తాత.

మర్నాడు పిల్లలు మొక్కలు పట్టుకుని వచ్చారు. మద్దిలేటి వాళ్ళను పడమటి గడ్డిలో కూర్చోబెట్టాడు. "మీకు నేను తప్పు చెప్పినాను" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. తెచ్చిన మొక్కలు బడి ముందర నాటుకోమన్నాడు.

ఒక పాప లేచింది. "ఆ చెట్లు పెరికేస్తే పిట్ట మళ్ళా వస్తాదా సామీ?"

మద్దిలేటి తాత కోసం చూశాడు. బీడు అంచున, తన పేరు కట్టి ఉన్న వేపచెట్టు మొదట్లో తాత అప్పటికే గడ్డపార దించుతున్నాడు.

పాప మాట ఆయనకూ వినబడింది. తల ఎత్తకుండానే అన్నాడు.

"వస్తాదో రాదో తల్లీ. వస్తే మాత్రం, మనం దానికి దూరంనుంచే కనపడాల."